తాత పొలం, తాత హోటలు: వలసొచ్చిన మనిషి జీవితం రాయాలంటే ఏం అడగాలి, ఎక్కడ వెతకాలి

మా తాత సంవత్సరీకానికి నేనే కూర్చుని నాలుగు పేజీల చిన్న పుస్తకం రాసి మా ఊరు గుణుపురంలోనే (ఒడిశాలో రాయగడ జిల్లా) ప్రింటు వేయించాను. చేతిలో చిల్లిగవ్వ లేకుండా టెక్కలి వైపు నుంచి చిన్న రైలెక్కి వచ్చాడు, తుప్పలు కొట్టి పొలం చేశాడు, తరవాత హోటలు పెట్టాడు, పదిమందికి అన్నం పెట్టాడు, ఇలా సాగుతుంది. భోజనాలయ్యాక మామ్మకి చదివి వినిపిస్తే మొత్తం ఓపిగ్గా విని "బాగుందిరా, ఇది ఎవులి గురించి?" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే నిజంగానే అది ఎవరి గురించైనా కావచ్చు, పేరు మార్చి పర్లాకిమిడిలో ఇంకో తాతకి అంటించినా సరిపోతుంది.

రెండోసారి సరిగ్గా రాయగలిగాను. దానికి దారి చూపించింది ఎక్కడో అమెరికాలో స్విట్జర్లాండ్ నుంచి వెళ్లినవాళ్లు నింపిన ఒక ఫారం అంటే మీరు నమ్మరు. మా మేనల్లుడు నెబ్రాస్కాలో ఉంటాడు, బియాట్రిస్ అనే ఊరి దగ్గర హోమ్‌స్టెడ్ పార్కు ఉంటే చూడ్డానికి వెళ్లి "మామా, ఇక్కడ పొలం చేసుకుని తరవాత హోటలు పెట్టినవాళ్లు చాలామంది ఉన్నారట, అచ్చం మీ తాతే" అని మెసేజ్ పెట్టి, కింద ఆ ఫారం ఫొటో కూడా పెట్టాడు. అది చదివాక నాకు తల తిరిగింది. ఆ పద్ధతే ఇక్కడ చెప్తున్నా, రాయగడ, గజపతి, కోరాపుట్ వైపు మనవాళ్లెవరైనా ఇంట్లో పెద్దవాళ్ల గురించి రాయాలనుకుంటే పనికొస్తుంది.

ముందు ఆ హోమ్‌స్టెడ్ అంటే ఏంటో చెప్పాలి. 1862 మే 20న లింకన్ సంతకం పెట్టిన చట్టం అది, 1863 జనవరి 1 నుంచి అమలు. 21 ఏళ్లు నిండినవాళ్లు గానీ, ఇంటికి పెద్ద అయినవాళ్లు గానీ 160 ఎకరాల గవర్నమెంటు భూమికి దరఖాస్తు పెట్టుకోవచ్చు, అక్కడే ఇల్లు కట్టుకుని ఐదేళ్లు కాపురముండి సాగు చేస్తే పట్టా ఇస్తారు, ఖర్చంతా కలిపి ఫీజు 18 డాలర్లు. బయటి దేశం వాడైనా సరే, నేను ఇక్కడి పౌరుణ్ణి అవుతానని ముందు ఒక కాగితం రాసిస్తే చాలు, పట్టా చేతికొచ్చే నాటికి మాత్రం పౌరసత్వం వచ్చి ఉండాలి. పెళ్లి కాని ఆడవాళ్లు, విధవలు కూడా సొంత పేరు మీద తీసుకోవచ్చు, పెళ్లైన ఆవిడకి మాత్రం మామూలుగా కుదరదు, ఇది గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది. మొత్తం మీద 16 లక్షల పట్టాలు ఇచ్చారు, ఆ దేశం మొత్తం నేలలో పదో వంతు ఇలాగే పోయింది.

ఇక మన స్విస్ మనిషి. ఫలానా వ్యక్తి అని ఒక పేరు పట్టుకోను, అలా వెళ్లినవాళ్లు వేలల్లో ఉన్నారు కాబట్టి ఒకణ్ణి మనమే అనుకుందాం. 1840ల్లో బంగాళాదుంప పంట తెగులొచ్చి పోయింది, అన్నదమ్ములు పంచుకుని పంచుకుని పొలం చెక్కలు చెక్కలైపోయింది, మగ్గం పని మిల్లుల వల్ల దెబ్బతింది. కొన్ని ఊళ్లైతే బీదవాళ్లకి ఓడ ఖర్చు ఊరి సొమ్ములోంచే ఇచ్చి మరీ పంపించేశాయి. గ్లారుస్ అనే జిల్లా నుంచి ఒక గుంపు 1845లోనే విస్కాన్సిన్ వెళ్లి న్యూ గ్లారుస్ అని ఊరే కట్టుకున్నారు. మనవాడు ఇంకో ఇరవై ముప్ఫై ఏళ్లు ఆగి వెళ్లాడనుకోండి, న్యూయార్కులో వలసొచ్చినవాళ్లని దింపే కాసిల్ గార్డెన్ దగ్గర దిగుతాడు (అందరూ చెప్పే ఎల్లిస్ ఐలాండ్ 1892లో గానీ తెరవలేదు), అక్కడ్నుంచి రైలెక్కి పడమటికి పోయి 160 ఎకరాలు పట్టుకుని, పదిహేనేళ్లయ్యేసరికి రైల్వే స్టేషను ఎదురుగా హోటలు నడుపుతుంటాడు. మధ్యలో ఏమైంది అనేదే అసలు కథ, మనం అందరం ఆ మధ్యనే ఎగరగొట్టేస్తాం.

ఇప్పుడు ఆ ఫారం. ఐదేళ్లయ్యాక పట్టా కావాలంటే ఊరికే ఇవ్వరు, నిజంగా ఉన్నావని రుజువు చూపించాలి. ముందు పేపర్లో ప్రకటన వెయ్యాలి, అందులో నలుగురు సాక్షుల పేర్లుండాలి, వాళ్లలో ఇద్దరు వచ్చి చెప్పాలి, మనిషి కూడా కూర్చుని ప్రశ్నలకి జవాబులు చెప్పాలి. ఆ ప్రశ్నలు చూడండి, నేను నా మాటల్లో చెప్తున్నా. ఇల్లు ఎప్పుడు కట్టావు, కాపురం ఎప్పుడు పెట్టావు, ఇల్లు ఎలా ఉంటుంది, ఇంకా ఏమేం కట్టావు, అన్నిటి ఖరీదెంత. ఇంట్లో ఎవరెవరున్నారు. మధ్యలో ఎప్పుడెప్పుడు ఊరు విడిచి వెళ్లావు, ఎందుకు వెళ్లావు. ఏ ఏడు ఎంత నేల దున్నావు, ఎన్ని పంటలు తీశావు. నేల ఎలాంటిది, అడవా, కొండా, మైదానమా. ఈ భూమిలో ఏమైనా అమ్మావా, తాకట్టు పెట్టావా, ఎవరికి, ఎందుకు. ఇల్లు ఎలా ఉంటుంది, ఏమేం కట్టావు అన్నదానికి జవాబు రాసేవాళ్లు పన్నెండు బై పద్నాలుగు అడుగుల ఇల్లు, ఒక తలుపు, రెండు కిటికీలు, ఒక బావి, కోళ్ల గూడు అని అన్నీ లెక్కేసి రాస్తారు.

ఎక్కడా నీకెలా అనిపించింది అన్న మాట లేదు, ఎంత కష్టపడ్డావు అన్న మాటా లేదు. అన్నీ కొలతలు, తేదీలు, పేర్లే. గవర్నమెంటు వాడు మోసం పట్టుకోడానికి రాసుకున్న ప్రశ్నలవి, కానీ మనిషి జీవితం రాయాలంటే ఇంతకంటే మంచి ప్రశ్నలు నాకు దొరకలేదు. మనం ఇంట్లో ముసలాళ్లని కూర్చోబెట్టి "ఆ రోజులు ఎలా ఉండేవి మామ్మా" అంటాం, వాళ్లు "ఏటుంటాయి, కష్టాలే" అంటారు, అయిపోయింది. అదే "మొదటి ఇంటికి తలుపులెన్ని" అని అడిగి చూడండి.

నేను ఆ ఫారం తెలుగులో ఒక నోటుబుక్కులో రాసుకుని మామ్మ దగ్గర కూర్చున్నా. తలుపులెన్ని అంటే "తలుపేటి, తడికే" అంది. తడిక దేంతో అల్లారు అంటే వెదురుతో, ఆ వెదురు ఎవరు తెచ్చారు అంటే సంతకి కొండ మీంచి వచ్చే సవర తెగ ముసలాయన, ఆయనకి బదులు ఏమిచ్చారు అంటే ఉప్పు. పది నిమిషాల్లో నా నాలుగు పేజీల పుస్తకంలో లేని మనిషి ఒకడు వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. కాబట్టి మొదటి పని ఇదే, ప్రశ్నల కాగితం లేకుండా ముసలాళ్ల దగ్గరికి వెళ్లొద్దు, ఫోన్ రికార్డింగ్ ఆన్ చేసి పక్కన పెట్టండి, రోజుకి రెండు ప్రశ్నలు చాలు, మధ్యాహ్నం నిద్ర లేచాక టీ టైముకి అడగండి. ఉదయం అడిగితే పూజ, సాయంత్రం అడిగితే సీరియలు, రెండిట్లోనూ తిట్లే.

అన్నిట్లోకీ బంగారంలాంటి ప్రశ్న ఒకటుంది, ఎప్పుడెప్పుడు ఊళ్లో లేడు అన్నది. అమెరికాలో చట్టం ప్రకారం ఆరు నెలలు దాటి భూమి వదిలేస్తే హక్కు పోతుంది, అందుకే ఆ ప్రశ్న. జవాబుల్లో ఏముంటుందంటే ఫలానా చలికాలం రైల్వే పనికి పోయాను, గనిలో చేశాను, భార్య పిల్లలు ఇక్కడే ఉన్నారు అని. పొలం మీద డబ్బు రాదు, డబ్బు ఆ పోయిన నెలల్లో వస్తుంది, చేతిపని కూడా అక్కడే నేర్చుకుంటాడు. అందుకే హోటలు ఎక్కడ పుట్టిందో వెతకాలంటే పొలంలో కాదు, పొలంలో లేని రోజుల్లో వెతకండి.

మా ఇంట్లో అందరం అనుకునేది ఏంటంటే తాతకి వంట చెయ్యడం పుట్టుకతోనే వచ్చని. మామ్మని ఆ ప్రశ్న అడిగితే "రెండేళ్లు పంటలయ్యాక రైలు లైను పనికి ఎల్లీవోడు గదా" అంది మామూలుగా. ఏ లైను? 1960ల్లో బైలదిల్లా ఇనుప రాయి విశాఖ రేవుకి తేవడానికి వేసిన కొత్తవలస–కిరండోల్ లైను, సొరంగాలు తవ్వుతున్న రోజులు. మట్టి పనికి వెళ్లినవాడు చెయ్యి దెబ్బ తగిలి క్యాంపు వంటశాలలో కూర్చున్నాడట, అక్కడ ఒక కేరళ మాస్టర్ దగ్గర టీ కాచడం, ఒకేసారి రెండొందల మందికి ఉప్మా కలపడం నేర్చుకున్నాడు. ఇంతకాలం ఎవరికీ చెప్పలేదేం మామ్మా అంటే "ఎవులడిగారు?" అంది. నిజమే, ఎవులడిగారు.

సరే, మాటలు ఒక ఎత్తు, కాగితాలు ఒక ఎత్తు. అమెరికా స్విస్ మనిషి కాగితాలు చివర్నుంచి వెనక్కి లాగాలి, ఓడ నుంచి మొదలెడితే దొరకడు. ముందు చనిపోయినప్పటి పేపర్ వార్త చూడాలి, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు పాత పేపర్లు ఆన్‌లైన్లో ఫ్రీగా పెట్టారు. తరవాత పట్టా, అక్కడి ల్యాండ్ డిపార్ట్‌మెంట్ వాళ్ల జనరల్ ల్యాండ్ ఆఫీస్ రికార్డుల సైటులో పేరు, రాష్ట్రం కొడితే వస్తుంది, సెక్షను ఇంత, టౌన్‌షిప్ ఇంత అని ఉంటుంది. సెక్షనంటే 640 ఎకరాలు, అందులో పావు 160, అంటే ఈశాన్యపు పావు, నైరుతి పావు అని వాస్తు చెప్పినట్టే రాస్తారు. అయితే పట్టా ఒక్క పేజీయే, అసలు సరుకు దాని వెనక ఫైల్లో ఉంటుంది, నేను చెప్పిన ప్రశ్నలు జవాబులు అన్నీ అందులోవే, అది నేషనల్ ఆర్కైవ్స్‌కి డబ్బు కట్టి తెప్పించుకోవాలి. చాలామంది పట్టా చూసి అదే అనుకుని ఆగిపోతారు, ఆగొద్దు.

జనాభా లెక్కల్లో 1900 నాటిది గొప్పది, ఏ ఏడు వచ్చాడు, పౌరసత్వం ఎంతవరకు వచ్చింది అన్నీ ఉంటాయి. 1890ది దాదాపు మొత్తం అగ్నిప్రమాదంలో పోయింది, దాని కోసం టైం వేస్టు చేసుకోవద్దు. పౌరసత్వం కాగితాలు 1906కి ముందు ఏ కోర్టులో పడితే ఆ కోర్టులో ఇచ్చేవాళ్లు, ఒక పద్ధతి లేదు, ఒక్కోసారి పుట్టిన ఊరు కూడా రాయరు, స్విట్జర్లాండ్ అని ఊరుకుంటారు. అక్కడే అందరూ ఇరుక్కుపోతారు. కానీ స్విస్ వాళ్లకి ఒక మంచి అలవాటుంది, ప్రతి మనిషికీ పుట్టిన ఊరు కాకుండా వంశపు ఊరు ఒకటి ఉంటుంది, వాళ్ల తాతల తాతలు ఏ ఊరి పౌరులో ఆ ఊరు, మనిషి ఎక్కడ పుట్టినా ఎక్కడ చచ్చినా పెళ్లిళ్లు, పుట్టుకలు ఆ ఊరి కుటుంబ రిజిస్టర్లో ఎక్కుతాయి. మనకి ఇంటిపేరే ఊరి పేరై ఉంటుంది చూడండి, ఆ ఊళ్లో ఇప్పుడు మనవాళ్లెవరూ ఉండరు గానీ పేరు మాత్రం మోస్తూ ఉంటాం, కొంచెం అలాంటిదే, కాకపోతే వాళ్లది రిజిస్టర్లో ఉంటుంది, మనది నోట్లో ఉంటుంది.

పేరు దగ్గర జాగ్రత్త. ముల్లర్ అమెరికాలో దిగి మిల్లర్ అవుతాడు. మన దగ్గర ఇంకా ఘోరం. ఒడిశా భూమి రికార్డుల సైటు భూలేఖ్‌లో జిల్లా, తహసీలు, ఊరు పెట్టి ఖతియాన్ (భూమి హక్కుల కాగితం) నంబరు గానీ, ప్లాటు నంబరు గానీ, రైతు పేరు గానీ పెట్టి వెతకొచ్చు. తాత పేరు వెంకటరావు, నేను గంట సేపు వెతికాను, లేదు. ఏంట్రా అంటే ఒడియాలో మన వ రాయడానికి వాళ్లు భ రాసేస్తారు, భేంకట రాఓ అని కూర్చున్నాడు తాత, అందులోనూ ఇంటిపేరు చివర పడింది. మీరూ బ, భ రెండూ వెతకండి, ఇంటిపేరు ముందు వెనక మార్చి వెతకండి, దొరక్కపోతే పేరు మానేసి పక్క పొలం వాళ్ల ప్లాటు నంబరుతో వెతకండి, ప్లాట్లు పారిపోవు కదా.

ఇంకో విషయం, 1936 ఏప్రిల్ 1కి ముందు ఒడిశా రాష్ట్రమే లేదు. గుణుపురం, రాయగడ, కోరాపుట్ అంతా మద్రాసు కింద విశాఖపట్నం జిల్లా ఏజెన్సీ, పర్లాకిమిడి గంజాం జిల్లా. తరవాత ఇవి కోరాపుట్, గంజాం జిల్లాల్లో ఉండి, 1992 అక్టోబరు 2న రాయగడ, గజపతి జిల్లాలయ్యాయి. కాబట్టి ఒకే పొలం కాగితం మీద మూడు జిల్లాల పేర్లుంటాయి, కంగారు పడొద్దు. మా వైపు జయపురం సంస్థానం, 1951 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా ఇచ్చిన పట్టాలన్నీ సంస్థానం పేరుతో ఉంటాయి, కొన్ని మంచి తెలుగులోనే ఉంటాయి, ట్రంకు పెట్టె అడుగున పట్టు చీరల కింద చూడండి. మా తాత కాగితం ఒక ఆఫీసులో ఇచ్చిన కాపీలో ఎకరాల దగ్గర మరక పడి 4 కాస్తా 1 అయింది, దాన్ని దిద్దించడానికి మూడు నెలలు తిరిగాను, ఏ ఆఫీసో చెప్పను, మళ్లీ వెళ్లాల్సింది నేనే.

ఇప్పుడొక ఇబ్బందికరమైన మెట్టు, చాలామంది దాటేస్తారు. మనవాడు రాకముందు ఆ నేల ఎవరిది? అమెరికాలో ఖాళీ భూమి అని పంచారు గానీ ఖాళీ కాదు. 1887 చట్టంతో అక్కడి ఆదివాసీ తెగల భూముల్ని మనిషికింత అని ముక్కలు చేసి మిగిలింది మిగులు అన్నారు, 1889లో డకోటా వైపు సూ తెగ వాళ్ల పెద్ద రిజర్వేషన్ విడగొట్టి హోమ్‌స్టెడ్ వాళ్లకి తెరిచారు. మన స్విస్ మనిషి పాపం బీదవాడే, ఆకలికే వచ్చాడు, అయినా ఆ నేల అలా వచ్చిందే. మన దగ్గర 1917లోనే గంజాం, విశాఖ ఏజెన్సీలకి చట్టముంది, గవర్నమెంటు ఏజెంటు అనుమతి లేకుండా గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి చెల్లదని, 1956లో ఒడిశా మళ్లీ రెగ్యులేషన్ తెచ్చింది. నేను పాత ఖతియాన్ సర్టిఫైడ్ కాపీ తీయిస్తే తాత పొలంలో ఎకరంన్నర ముక్క మీద ముందు పేరు, ఇంటిపేరు సబర, అంటే మన సవరే. మామ్మని అడిగితే ఆవిడ దాచలేదు. "ముందోళ్లు గింజలప్పు ఇచ్చి రాయించుకున్నారు, మీ తాత ఆళ్ల కాడ కొన్నాడు" అంది. నేను రెండో పుస్తకంలో అది రాశాను. బాబాయి రెండు నెలలు మాట్లాడలేదు. మీరు రాస్తారో లేదో మీ ఇష్టం, కానీ తెలుసుకోండి, తెలిసి రాయకపోవడం వేరు, అసలు అడక్కపోవడం వేరు. ఇప్పటికీ ఆ భూమి మీద తగువు నడుస్తుంటే మాత్రం రాసేముందు తెలిసిన లాయర్ని ఒక మాట అడగండి.

ఇక హోటలు. ముందు ఒక చిన్న గొడవ తీర్చాలి, మనకి హోటలంటే ఇడ్లీ, దోశ, టీ, పడుకునేది లాడ్జి. వాళ్లకి హోటలంటే పడుకునేదే, తిండి దాంతో పాటు. పొలం చేసుకునేవాడు హోటలుకి ఎలా వచ్చాడంటే చాలా చోట్ల మెల్లమెల్లగానే. దారిన పోయేవాణ్ణి ఒక రాత్రి ఉండనిస్తాడు, భార్య రొట్టె పెడుతుంది, వాడు పావలా ఇస్తాడు, రైలు ఊళ్లోకి వచ్చాక మనుషులు పెరుగుతారు. ఐదేళ్లు ఆగకుండా పట్టా కొనుక్కునే దారి కూడా ఉండేది, ఆరు నెలలు (1891 తరవాత 14 నెలలు) కాపురముండి ఎకరానికి డాలరుంబావు కడితే భూమి సొంతం, దాన్ని తాకట్టు పెట్టో అమ్మో స్టేషను దగ్గర స్థలం కొనేవాళ్లు. అందుకే ఫారంలో ఆ తాకట్టు ప్రశ్న జవాబు చూడాలి. ఇంక సరుకు అమ్మడానికి తిరిగే సేల్స్‌మెన్ లేకపోతే ఆ హోటళ్లు లేవు, వాళ్ల పెట్టెలు విప్పి శాంపిళ్లు పరుచుకోడానికి ప్రత్యేకంగా గది ఉండేది. హోటలు ఎలా ఉండేదో చూడాలంటే శాన్‌బోర్న్ కంపెనీ ఇన్సూరెన్సు మ్యాపులున్నాయి, 1867 నుంచి గీశారు, ఏ భవనం చెక్కది, ఏది ఇటుకది, ఎన్ని అంతస్తులు, ఏది ఎందుకు వాడుతున్నారు అని గీసి పెట్టారు, నిప్పు భయంతో గీసింది మనకి కథ అయింది.

మన ఊళ్లకి అలాంటి మ్యాపులు లేవు కాబట్టి మనమే గీయాలి. నౌపడా–గుణుపురం చిన్న రైలు పర్లాకిమిడి దాకా 1900లో, గుణుపురం దాకా 1931కి వచ్చింది, 2004లో ఆపేసి 2011లో పెద్ద లైనుగా మళ్లీ తెరిచారు. రైలొచ్చే టైముకే హోటలు బతికేది. నేను ఒక చార్టు మీద స్టేషను రోడ్డు గీసి మా నాన్నని, ఇద్దరు పాత కస్టమర్లని వేర్వేరుగా కూర్చోబెట్టి హోటలు లోపల ఏది ఎక్కడుండేదో గుర్తు పెట్టమన్నా. గల్లాపెట్టె ముగ్గురూ ఒకే చోట పెట్టారు. రుబ్బురోలు ముగ్గురూ మూడు చోట్ల. మామ్మ చూసి నవ్వి నాలుగో చోట పెట్టింది, "ఇదిగో ఇక్కడ, మీకు కనపడితే కదా".

అక్కడే నాకు ఇంకో సంగతి వెలిగింది, హోమ్‌స్టెడ్ పట్టా మీద భార్య పేరు లేనట్టే హోటలు లైసెన్సు మీద మామ్మ పేరు లేదు. ఎన్‌ఏసీ (మన మునిసిపాలిటీ లాంటిది) వాళ్లు ఇచ్చిన పాత రసీదులన్నీ తాత పేరే. కాబట్టి హోటలు మీద ప్రశ్నలు రాసేటప్పుడు పనిని బట్టి అడగండి, ఓనర్ని బట్టి కాదు. పిండి ఎవరు రుబ్బారు, ఎన్నింటికి లేచి, రోజుకి ఎంత? (కుంచెడు బియ్యం, రెండు తవ్వల మినప్పప్పు, తెల్లవారుజామున మూడింటికి, పురిటికి ముందు రోజు కూడా.) నీళ్లెక్కడివి? కట్టెలు ఎవరు తెచ్చారు, మోపుకి ఎంత? గ్లాసులు ఎవరు కడిగారు, అందరికీ ఒకే గ్లాసులా, కొందరికి వేరుగానా? ఈ ఆఖరిది అడగడానికి నోరు రాదు, అయినా అడగండి. మా హోటల్లో చాన్నాళ్లు సంత రోజు కొండ నుంచి దిగినవాళ్లకి వేరే గ్లాసులు బయట మేకుకి వేలాడేవట, ఎప్పుడు తీసేశారో ఎవరికీ గుర్తు లేదు.

అప్పు పుస్తకం దొరికితే మీరు అదృష్టవంతులు. మాకు ఒక్కటి దొరికింది, సగం చెదలు తినేసింది. అందులో పేర్లుండవు, "బస్సు డ్రైవరు 2 టీ", "పొగాకు సేటు 1 పెసరట్టు", "మాస్టారు, పోయిన నెల బాకీ" ఇలా ఉంటాయి. తాత లెక్క తెలుగులోనే, కానీ బాకీ తీరితే పక్కన ఒడియాలో ఒక గుర్తు. ఎందుకంటే లెక్క సరిచూసే కుర్రాడికి ఒడియా తప్ప రాదు. బోర్డరు బతుకంటే ఇదీ, ఒకే పుస్తకంలో అప్పు ఒక భాష, వసూలు ఒక భాష.

తేదీల సంగతి. ముసలాళ్లని ఏ ఏడు అని అడగొద్దు, దేనికి ముందు, దేనికి తరవాత అని అడగండి. అమెరికాలో మిడతలొచ్చిన ఏడంటే 1874, బడిపిల్లలు మంచు తుఫానులో పోయిన రోజంటే 1888 జనవరి 12, అలా కడతారు. మనకి 1980 వంశధార వరద, జిల్లా వచ్చిన ఏడు, చిన్న రైలు ఆగిపోయిన ఏడు. డబ్బుల లెక్క ఇంకా బాగా పనిచేస్తుంది గానీ ఒక మోసం ఉంది. 1957 ఏప్రిల్ 1న దశాంశ పైసలొచ్చాయి, అయినా మనవాళ్లు నాలుగణాలు, ఎనిమిదణాలు అనడం మానలేదు, కాబట్టి అణా అన్నంత మాత్రాన పాత కాలం అనుకోవద్దు. అదే "నయాపైసలు" అన్నారా, ఆ నయా అన్న మాట 1957 నుంచి 1964 వరకే, తరవాత ఉత్త పైసలయ్యాయి. మామ్మ మొదటి కట్టెల మోపు పదిహేను నయాపైసలు అంది, దాన్ని పట్టుకునే హోటలు మొదలైన కాలం ఇంచుమించుగా తేల్చాను, లైను పనితో కూడా సరిపోయింది.

రాసేటప్పుడు పుట్టుక నుంచి మొదలెట్టకండి, ఎవరికీ వాళ్ల పుట్టుక గుర్తుండదు. ఒక వస్తువు దగ్గర మొదలెట్టండి, తడికో, గల్లాపెట్టో. మాటకి సాక్ష్యం ఏంటో పక్కన చిన్నగా రాసుకోండి, మామ్మ చెప్పింది, కాగితంలో ఉంది, నేను అనుకున్నది, ఈ మూడూ కలిపెయ్యొద్దు. హోమ్‌స్టెడ్ వాళ్లకి ఇద్దరు సాక్షులు కావాలన్నారు కదా, మీరూ పెద్ద పెద్ద విషయాలకి ఇద్దర్ని పెట్టుకోండి, ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకుండా చూసుకోండి. ఇద్దరూ వేర్వేరుగా చెప్తే రెండూ రాసెయ్యండి, తీర్పు చెప్పడం మన పని కాదు. కష్టపడి, పట్టుదలతో, అంచెలంచెలుగా లాంటి మాటలు కనపడితే కొట్టేసి ఆ చోట ఒక అంకె పెట్టండి. ప్రింటు వేయించే ముందు మాత్రం మొత్తం ఒకసారి ఇంట్లో బతికున్న పెద్దమనిషికి గట్టిగా చదివి వినిపించండి, చెవుడుంటే ఇంకా గట్టిగా, తప్పు పట్టుకునేది వాళ్లే.

నేను రెండో పుస్తకం తెచ్చి మామ్మ మంచం పక్కన కూర్చుని చదివాను. తడిక దగ్గర తలూపింది, లైను పని దగ్గర కళ్లు మూసుకుంది. హోటలు వంటగది దగ్గరికొచ్చి "పన్నెండడుగుల గది, ఒక తలుపు, మూడు కిటికీలు" అని చదవగానే చెయ్యెత్తి ఆపింది.

"రెండే కిటికీలురా."

"నాన్న మూడన్నాడు కదా మామ్మా, చార్టులో కూడా పెట్టాడు."

"మూడోది కిటికీ కాదొరే. గోడకి ఇటుక ఊడిపోయిన కన్నం. పిండి రుబ్బుతా అందులోంచే గల్లాపెట్టి సూసీదాన్ని, మీ తాత ఎంత దాసినాడో నాకు తెలియాలి గదా."